గుట్ట అవతలికి

బెళుగుప్ప దాటినాక, సుంకులమ్మక్క చీనీతోటలో
ఏడో చెట్టు మొదట్లో
జానెడు లోతున ఒక చెవిని పూడ్చినాను.
మట్టిలో తడిని వింటుంది. విని, చెప్పాల.
చెప్పేదానికి దానికుండేది
బొటనవేలంత బ్యాటరీ,
కట్టెకు కట్టిన బెత్తెడు తీగ.

వినాల్సిన పెట్టె బడి మిద్దె మీద.
మధ్యలో గుట్ట.
నల్ల గుండ్లు, ముళ్ళకంప,
పొద్దంతా కాగి కాగి
నా తరంగాన్ని మింగి కూర్చున్న గుట్ట.

డ్రైవర్‌లో నేను రాసిన అంకె ఏడు.
ఏడంటే వేగం. ఏడంటే
చీనీకాయల మండీలో దళారి మాట,
గడగడ చెప్పేసి చేయి దులుపుకునేది.
అనంతపురంలో, నా గదిలో, ఒకే బల్ల మీద
రెండు బోర్డులూ ఎంత ముద్దుగా మాట్లాడుకున్నాయో!
ఇక్కడ ఒక్క మాటా గుట్ట ఎక్కలేదు.
పవరు పెంచినాను. చట్టం ఒప్పినంతా పెంచినాను.
బ్యాటరీ తగ్గింది.
గుట్ట తగ్గలేదు.

సాయంత్రం బీరప్ప గొర్రెల్ని మళ్ళించుకుంటా
అవతలున్న తమ్మున్ని పిలిచినాడు.
అరవలేదు.
“ఒరే... ఏ... ఏ... మల్లిగా... ఆ... ఆ...”
పంచె ఆరేసినట్టు
పేరును గుట్ట పొడుగునా ఆరేసినాడు.
కిందినుంచి పైకి జారుకుంటా పోయే గొంతు.
గాలి ఒక ముక్క కొరుక్కుపోయినా
మిగిలిన ముక్కలో మల్లిగాడు ఉన్నాడు.
కాసేపటికి సన్నగా, అటునుంచి: “ఓ... య్...”

“గట్టిగా అరిస్తే గొంతు పోతాది పాపా,” అన్నాడు
వక్కాకు నములుతా,
“సాగదీస్తే మాట పోతాది, ఆడిదాకా.”

గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచినాను.
ఏడు చెరిపి, పన్నెండు.
మెట్టుకొకసారి వేగం ఇంచుమించు సగం,
అట్లా ఐదు మెట్లు.
రెప్పపాటులో అయిపోయే ముచ్చట
ఇప్పుడు సెకను దాటుతుంది.
చుట్టూ ఉండే గోలకన్నా వంద రెట్లు సన్నగిల్లినా
గోల అడుగున చేతికి తగులుతుందని
డేటాషీట్ భరోసా.

పంపినాను. ఏమీ లేదు.
ఎనిమిదైంది. తొమ్మిదైంది. ఏమీ లేదు.
అక్క సంకటిముద్ద, ఊరిబిండి తెచ్చి పెట్టి
“నీ పెట్టెకు చెవుడేమో చూడు పాపా,” అనింది.

చెవుడు కాదు.
మిద్దె మీద అది ఇంకా ఏడులోనే వింటా ఉంది.
మల్లిగాడు దళారి యాసకు చెవి ఒగ్గి కూర్చుంటే
అన్న కేక వానికి ఉత్త గాలే గదా.
టార్చి పండ్ల నడుమ పట్టుకుని నిచ్చెనెక్కి
అక్కడా పన్నెండు రాసినాను.

ఇప్పుడు వచ్చింది. కానీ
తల బాగానే వచ్చి, మొండెం చితికి వచ్చింది.
ఇంత నిదానంగా పలికేటప్పుడు
నిదానిస్తా ఉన్నామని రెండు పక్కలా ఒప్పుకోవాల.
దానికి ఒక్క బిట్టు.
ఇటు సున్నా, అటు ఒకటి.
ఎవరినో తిట్టబోయి చూస్తే
మార్చిలో నేనే, ఏదో తొందరలో,
“తర్వాత చూద్దాం” అని పక్కన రాసి వదిలిన లైను.

మూడూ నలభైకి, తెర మీద ఒక్క వరుస:
తడి, పదకొండు.
అంతే. మళ్ళీ గంటదాకా మూగ.
సాగదీసేవాడు తక్కువ మాట్లాడాల, బ్యాటరీ లెక్క అది.
బీరప్ప కూడా ఆ కేక తర్వాత
దొడ్డి చేరేదాకా నోరు విప్పలేదు.

అక్కను లేపినాను.
“ఏమంటాది?”
“దప్పికంట.”
కొంగు నడుముకు దోపి
బోరు షెడ్డు దాకా నడిచింది, వెనకాల నేను.
స్టార్టర్ డబ్బా మీద మూడు బల్బులూ ఆరే ఉన్నాయి.

“చెట్టు మాట వచ్చె,” అనింది అక్క
గడప మీద చతికిలబడి,
“కరెంటు రావల్ల ఇంక.”